సగంలో చెప్పిన సాక్ష్యం

నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. రేపల్లెలో ముప్పై రెండేళ్ళు ఒకటో తరగతికి చెప్పాను. నలభై మంది పిల్లల ముందు కూర్చుంటే ఒకడు పలక పగలగొట్టేవాడు, ఇంకొకడు పక్కవాడి చెవి కొరికేవాడు. అందుకని కుర్చీ ఉన్నా నిలబడే చెప్పేదాన్ని. రిటైరై మూడేళ్ళయినా ఆ కాళ్ళు మారలేదు. ఎవరైనా కుర్చీ చూపించి "కూర్చోండి ప్రేమకుమారి టీచరు గారూ" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. అలాంటిదాన్ని వారానికి మూడు రోజులు, రోజుకు మూడున్నర గంటలు, తెనాలిలో ఒక పెయింట్ల షాపు మేడమీద వరండాలో కూర్చోబెట్టారు. లోపల గదిలో నా కూతురు ఉంది కాబట్టి కూర్చున్నాను.

నా కూతురు లిడియాకి ముప్పై ఒకటి. బాపట్లలో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్లు చెబుతుంది, అక్కడే ఒక గది అద్దెకు తీసుకుని ఉండేది. వాళ్ళ నాన్న యోబు గారు ప్రభువు దగ్గరికి వెళ్ళి ఆరేళ్ళు. పోయిన ఏడాది దసరా సెలవులకి ఇంటికొచ్చిన పిల్ల మంచం దిగలేదు. స్నానం చెయ్యమంటే చేసేది, తినమంటే రెండు ముద్దలు తినేది, ఏంటే నీ బాధ అంటే "తెలీదమ్మా" అనేది. నాకు ఆ మాట పడదు. తెలీకపోతే తెలుసుకోవాలి. కాలేజీలో గొడవా, ఎవరినైనా ఇష్టపడ్డావా, ఎవరైనా ఏమైనా అన్నారా అని వంద రకాలుగా అడిగాను. పోలీసులు కూడా అన్ని అడగరు.

సెలవులు అయ్యాక ఎలాగో బాపట్ల వెళ్ళి, అక్కడ ఒక కౌన్సిలరు దగ్గరికి శనివారం శనివారం గంటసేపు వెళ్ళడం మొదలుపెట్టింది. శనివారం సాయంత్రం ఫోన్లో గొంతు కాస్త తేటగా ఉండేది. ఆదివారం పర్వాలేదు. మంగళవారానికల్లా మళ్ళీ మొదటికి వచ్చేది. నాలుగు నెలలు ఇలా గడిచాక కాలేజీకి సెలవు పెట్టించి ఇంటికి తెచ్చుకున్నాను. గుంటూరులో పెద్ద డాక్టరు చూసి, "ఆస్పత్రిలో పెట్టాల్సినంత లేదమ్మా. కానీ వారానికో గంట దీనికి చాలదు" అన్నాడు. మధ్యలో ఇంకేముంటుందండి అని అడిగితే తెనాలిలో ఈ కేంద్రం సంగతి చెప్పాడు. సోమ, బుధ, శుక్రవారాలు, పొద్దున పది నుంచి ఒకటిన్నర దాకా, ఎనిమిది వారాలు. మందులు చూస్తారు, విడిగా మాట్లాడతారు, నలుగురితో కలిపి మాట్లాడిస్తారు, మధ్యాహ్నానికి ఇంటికి పంపేస్తారు.

ఆ మధ్యలో అనేదే నాకు మింగుడుపడలేదు. నా లెక్కలో పాసు ఉంది, ఫెయిలు ఉంది. ఆస్పత్రి అంటే మంచం ఉండాలి, బడి అంటే పుస్తకం ఉండాలి. ఇక్కడ రెండూ లేవు, గుండ్రంగా వేసిన ప్లాస్టిక్ కుర్చీలు ఉన్నాయి. ఇరుగుపొరుగుకి ఏమని చెప్పాలి? చివరికి "ట్రైనింగ్" అని చెప్పాను. దేనికి ట్రైనింగ్ అని విజయమ్మ పట్టుకుంది. విజయమ్మ మా చర్చిలో స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు, పట్టుకుంటే వదిలే మనిషి కాదు. "కంప్యూటర్లదేలే వదినా" అని తప్పించుకున్నాను.

మొదటి రోజు ఇంటివాళ్ళని కూడా లోపలికి పిలిచారు. హరిచందన అని అక్కడి కౌన్సిలరు, ముప్పై కూడా నిండని పిల్ల, పద్ధతులన్నీ వివరించింది. పొద్దున రాగానే ప్రతి ఒక్కరూ తాము ఆ రోజు ఎలా ఉన్నారో సున్నా నుంచి పది లోపల ఒక అంకె చెప్పాలట. ఇంటి దగ్గర కూడా రాసుకోవాలట. ఆమె వెనక గోడ మీద ఒక పెద్ద కాగితం అంటించి ఉంది. దాని మీద లావుపాటి అక్షరాలతో "బావోద్వేగాలు" అని రాసి ఉంది. భ ఉండాల్సిన చోట బ! ఇంత చదువుకున్నవాళ్ళు, ఇంతమంది చూసే గోడ మీద! నేను లేచి, ఆ బల్ల మీద పెన్ను తీసుకుని, వెళ్ళి ఒత్తు దిద్ది వచ్చాను. హరిచందన నవ్వి "థ్యాంక్యూ ఆంటీ" అంది. నేను దిద్దుతున్నంతసేపూ ఆమె అంకెల గురించి ఏదో చెబుతూనే ఉంది. నేను పెద్దగా వినలేదు. అంకెల గురించి నాకు ఇంకొకరు చెప్పేదేముంది అనుకున్నాను.

లిడియా ఇంట్లో చర్చి క్యాలెండరు మీద తేదీల పక్కన ఆ అంకె వేసేది. మొదటి వారం ఏడు. ఫస్టు క్లాసే, మరీ అంత కంగారు పడాల్సింది లేదు అనుకున్నాను. రెండో వారం ఆరు, అయిదు. మూడో వారం నాలుగు. ఒకరోజు మూడు కూడా వేసింది. ఇంత దూరం తిప్పుతుంటే, ఇన్ని మందులు మింగుతుంటే, మార్కులు తగ్గుతాయేంటి?

పైకి ఏమీ అనకూడదని హరిచందన చెప్పింది కాబట్టి ఏమీ అనలేదు. కానీ నా ముఖం నా మాట వినే రకం కాదు. ముఖం మాడ్చుకుని తిరిగాను, గిన్నెలు విసిరినట్టు పెట్టాను. రైల్లో పల్లికోన, భట్టిప్రోలు, వేమూరు దాటుతున్నా ఒక్క మాట మాట్లాడకుండా కిటికీలోంచి పొలాలు చూస్తూ నిలబడ్డాను. లిడియా ఆ రోజుల్లోనే నాతో కబుర్లు చెప్పడానికి ప్రయత్నించింది. గ్రూపులో ఒకాయన పద్యాలు భలే పాడతాడని, తనకి ఆకలి వేస్తోందని. "ఇంకా బాగా ప్రయత్నం చెయ్యాలమ్మా" అన్నాను. అది నా వంక కాసేపు చూసి కిటికీ వైపు తిరిగింది.

ఆ పద్యాలు పాడే ఆయన గౌరీశంకరం గారు, రిటైరైన సంస్కృతం మాస్టారు. ఆయన భార్య సీతాలక్ష్మి గారు నాతోపాటు వరండాలో కూర్చునేది. ఆవిడ రామకోటి పుస్తకం ఒడిలో పెట్టుకుని గళ్ళలో చీమల్లాంటి అక్షరాలతో పేరు రాసుకుంటూ ఉండేది. నేను ఆ చివర్నించి ఈ చివరికి పచార్లు చేసేదాన్ని. "కాస్త కూర్చోండి వదిన గారూ, మీరు నడిస్తే నాకు గళ్ళు తప్పుతున్నాయి" అనేది. మంచి మనిషి. మేము ఒకరి పిల్ల గురించి, ఒకరి భర్త గురించి ఒకరినొకరం అడగలేదు. ఆ వరండాలో అది మర్యాద.

నాలుగో వారం నుంచి నేను శుక్రవారాలు ఉపవాసం పట్టాను. నీళ్ళు తప్ప ఏమీ ముట్టకుండా దేవుణ్ణి ఒకటే అడిగాను, నా పిల్ల అంకె పెంచు ప్రభువా అని. దేవుడు విన్నాడు. అయిదో వారం అయిదు వచ్చింది, ఆరు వచ్చింది. ఆరో వారం మొదట్లో ఏడు. నా ముఖం విప్పారింది. గారెలు వండాను. దానికి ఇష్టమని రొయ్యలు తెప్పించాను. అది రెండు తిని చాలంది. కేంద్రంలో తన కాలేజీ ఉద్యోగంలోకి మళ్ళీ వెళ్ళే సంగతి మాట్లాడుతున్నారని, దాని గురించి భయంగా ఉందని చెప్పింది. "భయం దేనికే, అంకె చూడు ఎలా పెరుగుతోందో" అన్నాను. దానికి అర్థం కాలేదనుకుంటా, కంచం తీసుకుని లేచిపోయింది.

ఆ శుక్రవారం ఒకటిన్నరకి హరిచందన బయటికొచ్చి నన్ను పక్కకి పిలిచింది.

"ఆంటీ, ఒక పది నిమిషాలు కూర్చోండి, మాట్లాడాలండి. ఇవాళ లిడియా ఎనిమిది చెప్పింది."

"ఎనిమిదా!" అన్నాను. ఆనందంతో ఆ పిల్ల తలమీద చెయ్యి పెట్టి దీవించాను. "నీ చేతిలో మంచి ఉందమ్మా. బండికి టైమైపోతోంది, మిగతాది సోమవారం మాట్లాడదాం."

"అది కాదండి ఆంటీ..." అంటూనే ఉంది. నేను అప్పటికే మెట్లు దిగాను. శనివారం రెండుసార్లు ఫోన్ చేసింది. ఒకసారి నేను పాటల ప్రాక్టీసులో ఉన్నాను. రెండోసారి ఎత్తి "వస్తాంగదమ్మా సోమవారం" అని పెట్టేశాను. ఉండి మాట్లాడే ఓపిక నాకు ఏనాడు ఉంది కనక.

దేవుడు చేసిన మేలు అందరి ముందూ లేచి చెప్పడాన్ని సాక్ష్యం అంటాం, మా చర్చిలో దానికి ఒక వరస ఉంది. ముందు కష్టం చెప్పాలి, తర్వాత ప్రార్థన చెప్పాలి, ఆఖరికి విడుదల, అంటే ఆ కష్టం ఎలా తీరిందో చెప్పాలి. విడుదల లేకుండా సాక్ష్యం చెప్పడానికి ఎవరూ లేవరు. కష్టం ఇంకా నడుస్తుంటే చీటీ రాసి పళ్ళెంలో వేస్తాం, పాస్టరు అయ్యగారు పేరు చదవకుండా ప్రార్థన చేస్తారు. నేను అయిదు నెలలు చీటీలే వేశాను. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక లేచి ముందుకి వెళ్ళాను.

అంతా చెప్పేశాను. ట్రైనింగ్ అబద్ధమని ఒప్పుకున్నాను. నా కూతురికి మనసు బాగోలేదని, తెనాలి తీసుకెళ్తున్నానని, మూడుకి పడిపోయిన పిల్ల ఉపవాస ప్రార్థనల వల్ల ఎనిమిదికి లేచిందని చెప్పాను. "పదికి ఎనిమిది! నా పిల్ల స్వస్థత పొందింది" అన్నాను. ప్రతి మాటకీ "స్తోత్రం" అన్నారు. విజయమ్మ కళ్ళు తుడుచుకుంది. అయ్యగారు రమేష్ బాబు గారు కృతజ్ఞత పాట ఎత్తుకున్నారు. వెనక వరసలో లిడియా తల వంచుకుని ఉంది. సిగ్గు పడుతోందనుకున్నాను.

సోమవారం పొద్దున బండికి తయారు కమ్మంటే, "ఇంకెందుకమ్మా, బాగైపోయానుగా" అంది. గొంతులో కోపం లేదు, ఏమీ లేదు. నాకూ నిజమే అనిపించింది. రెండు వారాలు మిగిలాయి కానీ, పాసైన పిల్లని మళ్ళీ పరీక్ష ఎవరు రాయిస్తారు? పైగా చర్చి అంతా విన్నాక ఇంకా తెనాలి వెళ్తూ కనబడితే దేవుడు చేసిందానికి విలువేముంటుంది? హరిచందన ఫోన్ మోగినా, బుధవారం వెళ్ళి చెబుదాంలే అని ఎత్తలేదు. మంగళవారం బట్టలు సర్దుకుంది. బుధవారం కాలేజీలో చేరతానని తెల్లారే బాపట్ల బస్సెక్కింది. బస్సు దగ్గర నన్ను గట్టిగా పట్టుకుంది. అది అలా పట్టుకుని ఎన్నేళ్ళయిందో. నేను మురిసిపోయి, కిలో బూందీ లడ్లు కట్టించుకుని, అందరికీ పంచి వద్దామని తెనాలి బండెక్కాను.

వరండాలో సీతాలక్ష్మి గారు యథాప్రకారం రాసుకుంటోంది. లడ్డు చేతిలో పెట్టాను.

"దేనికండి ఇది?"

"మా లిడియా ఎనిమిదికి వచ్చింది వదిన గారూ. ఇంక మేము రాము. ఉద్యోగంలో చేరడానికి బాపట్ల వెళ్ళిపోయింది."

ఆవిడ పెన్ను ఆగిపోయింది. నా ముఖంలోకి వింతగా చూసింది.

"ఎనిమిదికి రావడమేంటండి? మావారు తొమ్మిది చెప్పిన రోజున నేను పక్క మీద వాలలేదు, ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఎక్కువైతే బాధ ఎక్కువైనట్టు కదండీ. మీకు మొదటి రోజే చెప్పారు కదా."

నాకు ముందు కోపం వచ్చింది. ఎవరైనా పదికి ఎక్కువ తెచ్చుకోవడం చెడ్డ అని పెడతారా? లోకంలో ఏ బడిలోనైనా ఉందా ఇది? తర్వాత క్యాలెండరు కళ్ళ ముందు తిరిగింది. ఏడు, అయిదు, నాలుగు, మూడు. ఆ మూడు వేసిన రోజున నా పిల్లకి ఆకలి వేసింది. ఆ రోజున నేను గిన్నె విసిరాను. అది బాగవుతున్నన్నాళ్ళూ నేను ఏడుపు ముఖం పెట్టుకుని తిరిగాను. అది కుంగిపోతుంటే గారెలు వండాను. ఉపవాసం ఉండి మరీ దాని బాధ పెంచమని దేవుణ్ణి బతిమాలాను.

లడ్ల పెట్టె ఎక్కడ పెట్టానో గుర్తులేదు. హరిచందన గదిలోంచి పరుగున వచ్చింది. "లిడియా ఎక్కడుందండి ఇప్పుడు?" అనడిగింది. చెప్పాను. ఫోన్ చేసింది. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేసింది, ఎత్తలేదు. నేను బాపట్లలో ఆ ఇంటి ఓనరు శోభారాణికి చేశాను. ఆమె కింద వాటాలో టైలరింగు చేస్తుంది.

"పైనే ఉందండి పిన్నిగారూ. పొద్దున్నే వచ్చింది. కాలేజీకి వెళ్ళినట్టు లేదు, తలుపేసుకుని ఉంది."

"పైకెళ్ళమ్మా. తలుపు కొట్టి ఏదో ఒకటి అడిగి లోపలికెళ్ళి కూర్చో. నేనొచ్చేదాకా కదలొద్దు తల్లీ, నీకు దణ్ణం పెడతాను."

హరిచందన నా రెండు చేతులూ పట్టుకుంది. "మీరు వెళ్ళండి ఆంటీ. నేను ఫోన్ చేస్తూనే ఉంటాను, డాక్టరు గారికి చెప్తాను. కనబడగానే తిట్టొద్దు, ఏడవొద్దు, బోధలు చెయ్యొద్దు. సూటిగా ఒక్కటి అడగండి."

"ఏమని?"

"చచ్చిపోవాలనిపిస్తోందా అని."

"ఆ మాట నేనెలా అంటానమ్మా? లేని ఆలోచన నేనే పుట్టించినట్టు కాదూ?"

"కాదండి. అడిగితే పుట్టదు. అడిగితే చెప్పుకోడానికి దారి దొరుకుతుంది."

చావు అనే మాట మా ఇంట్లో అనం. మా మనుషులు నిద్రిస్తారు, ప్రభువు పిలుపందుకుంటారు, మహిమలో చేరతారు. యోబు గారి శవపేటిక పక్కన నిలబడి కూడా నేను ఆ మాట అనలేదు. బాపట్ల వైపు వెళ్ళే ప్యాసింజరులో తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని ఆ మాటని నోట్లో తిప్పుకుంటూ నిలబడ్డాను. ఒకాయన జరిగి "కూర్చోండమ్మా" అన్నాడు. "అక్కర్లేదు" అని కసిరాను. చుండూరులో బండి ఆగింది. ఎందుకాగిందో, ఎంతసేపు ఆగుతుందో ఎవరికీ తెలీదు. దిగి ముందుకెళ్ళి ఇంజను వైపు చూసి మళ్ళీ ఎక్కాను. నిడుబ్రోలులో మళ్ళీ ఆగింది. ఈ బండి కంటే నేను నడిస్తే నయం. సండే స్కూలులో రెండు తరాల పిల్లల చేత పది ఆజ్ఞలు కంఠతా పట్టించాను. అబద్ధసాక్ష్యం చెప్పకూడదన్నది మా లూథరన్ల లెక్కలో ఎనిమిదోది. అది తప్పుగా చెప్పిన పిల్లని బెంచీ ఎక్కించేదాన్ని. అప్పికట్ల దాటేసరికి శోభారాణి ఫోన్ చేసింది. లిడియా తలుపు తీసిందని, తాను లోపల కూర్చున్నానని, ఇద్దరం ఏమీ మాట్లాడుకోవడం లేదని చెప్పింది.

ఆటో దిగి మెట్లెక్కాను. శోభారాణి గుమ్మం దగ్గర జాకెట్టుకి హుక్కులు కుట్టుకుంటూ కూర్చుంది. లిడియా గోడకి ఆనుకుని కింద కూర్చుంది, పొద్దున తెచ్చిన బ్యాగు జిప్పు కూడా తియ్యకుండా పక్కనే ఉంది. శోభారాణి నన్ను చూసి, సూది జాకెట్టుకి గుచ్చి, కిందకి వెళ్ళిపోయింది.

"ఏంటమ్మా? తెనాలి వెళ్తానన్నావుగా?"

"వెళ్ళాను. అంకెలు నేను తిరగేసి చదివానటే."

"నాకు తెలుసు. ఆదివారం నువ్వు చెప్తుంటే తెలిసింది."

"మరి నాకు చెప్పొద్దూ? లేచి ఆపొద్దూ నన్ను? ఇంటికొచ్చాకైనా..." తిడుతున్నానని నాకే తెలిసి నోరు మూసుకున్నాను.

లిడియా గోళ్ళ వంక చూసుకుంటూ, "నాన్న పోయాక నువ్వంత సంతోషంగా ఉండడం నేను చూళ్ళేదమ్మా. చెడగొట్టబుద్ధి కాలేదు" అంది.

దాని పక్కన చాప మీద కూలబడ్డాను. అప్పుడు అడిగాను.

"లిడియా, చచ్చిపోవాలనిపిస్తోందా నీకు?"

అది వెంటనే నా వైపు తిరిగింది. ఆ కళ్ళలో భయం ఉంటుందనుకున్నాను. లేదు. ఎండలో చాలా దూరం మూట మోసుకొచ్చినవాళ్ళని ఎవరో ఆపి "దించుకో" అన్నట్టుగా చూసింది.

"ఊఁ" అంది.

"ఇవాళా?"

"పొద్దున అనిపించింది. ఇంతలో శోభక్క వచ్చి కత్తెర కనబళ్ళేదు, నీ దగ్గరుందా అంది. తన చేతిలోనే ఉంది కత్తెర." బ్యాగు జిప్పు తడుముతూ, "ఎప్పట్నుంచో చెప్దామనుకుంటున్నానమ్మా. నువ్వు ఎందుకు, ఎవరు, ఏం జరిగింది అని అన్నీ అడిగావు. ఇది అడగలేదు" అంది.

ఏడవొద్దని చెప్పింది హరిచందన. ఆ ఒక్కటీ నా వల్ల కాలేదు. ఇద్దరం ఏడ్చాం. దేవుడా, నా కూతురు బతికే ఉంది అనుకున్నాను. కారణం తెలీదు, ఎప్పటికి తగ్గుతుందో తెలీదు, ఆ గదిలో నాకు తెలిసింది అదొక్కటే. దాన్ని పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో, కింద మిషను చప్పుడు ఆగి మళ్ళీ మొదలై మళ్ళీ ఆగింది.

మధ్యాహ్నం బండికే ఇద్దరం తెనాలి వెళ్ళాం. మాకోసం కేంద్రం డాక్టరు కిరణ్ కుమార్ గారు ఆగి ఉన్నారు. దానితో విడిగా గంటసేపు మాట్లాడి నన్ను పిలిచారు. చేర్పించాల్సి వస్తుందేమోనన్న మాట దాచకుండా చెప్పారు. ముందు మూడు రోజుల బదులు ఆరు రోజులు రమ్మన్నారు. మందు మార్చారు. దాన్ని ఒంటరిగా వదలకూడదని, ఇంట్లో ఏవేవి తాళం వెయ్యాలో, ఏ వేళకైనా ఎవరికి ఫోన్ చెయ్యాలో కాగితం మీద రాసిచ్చారు. రెండు వారాలు చూసి, అప్పటికీ సర్దుకోకపోతే గుంటూరులో చేరుద్దామన్నారు. నేను ప్రతి మాటా రెండుసార్లు చెప్పించుకున్నాను. సున్నా ఏ వైపు, పది ఏ వైపు అని కూడా మళ్ళీ అడిగాను. ఆయన నవ్వలేదు.

శనివారం ఇంటికొస్తూ రైల్లో దాన్ని అడిగాను. "రేపు చర్చిలో లేచి దిద్దుకోవాలనుంది నాకు. వద్దంటే మానేస్తాను. ఇదివరకు నిన్ను అడక్కుండా చెప్పాను."

వేమూరు వెళ్ళిపోయింది, భట్టిప్రోలు వచ్చింది. "నీ తప్పు నువ్వు చెప్పుకో. నా సంగతి మాత్రం నేను చెప్పుకుంటాను, ఎప్పుడైనా చెప్పాలనిపిస్తే" అంది.

ఆదివారం ఒక పేజీ నిండా రాసుకుని వెళ్ళాను. సాక్ష్యాల సమయంలో లేచాను. విజయమ్మ మొదటి వరసలో సర్దుకుని కూర్చుంది, ఇంకా పెద్ద విడుదల ఏదో వినబోతున్నట్టు.

"పోయిన ఆదివారం ఇక్కడే నిలబడి మా లిడియా స్వస్థత పొందిందని చెప్పాను" అన్నాను.

"స్తోత్రం" అన్నారు అందరూ.

"అది తప్పు. నేను అంకె తిరగేసి చదివాను. మా పిల్లకి ఇంకా బాగవలేదు."

"స్తోత్రం!" అంది విజయమ్మ గట్టిగా, అలవాటు కొద్దీ. అనేసి నాలిక కరుచుకుంది.

అప్పుడు వెనక వరసలోంచి ఒక నవ్వు వినిపించింది. ఆపుకోబోయి ఆపుకోలేక, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఎగిరిపడేట్టు లిడియా నవ్వుతోంది. దసరా ముందు నుంచి నేను వినని నవ్వు. నలుగురు తిరిగి చూశారు. నాకు విజయమ్మ మీద వచ్చిన కోపం గొంతులోనే ఆగిపోయింది. చేతిలో కాగితం ఉంది, అందులో ఒక్క అక్షరం కూడా కనబడలేదు.

"ఇంకేమన్నా చెబుతారా టీచరు గారూ?" అని అయ్యగారు మెల్లగా అడిగారు.

"లేదండి అయ్యగారూ. ఇంతవరకే వచ్చాం."

ఆయన పాటల పుస్తకం తెరిచారు, మూశారు. విడుదలైతే కృతజ్ఞత పాట పాడాలి. కష్టమైతే చీటీ ఉండాలి. ఇలా సగంలో లేచి నిలబడ్డవాళ్ళకి ఏం చెయ్యాలో ఆయనకి తెలీలేదు. నాకూ తెలీలేదు. నా మామూలు చోటు మొదటి వరసలో ఉంది. అక్కడికి వెళ్ళకుండా వెనక్కి నడిచి లిడియా పక్కన కూర్చున్నాను.

దానికి నవ్వు తగ్గి వెక్కిళ్ళు వస్తున్నాయి. కళ్ళు తుడుచుకుని, నా చెవి దగ్గరికి వంగి, "రేపు బండి ఎన్నింటికమ్మా?" అని అడిగింది.

ఏడు వారాలుగా ఇద్దరం కలిసి ఎక్కుతున్న బండే. దానికి తెలియక కాదు. అయినా చెప్పాను.

"ఏడున్నరకే. ఆరున్నరకి లేపుతాను."

"సరే, లేపు" అంది.